జవాబుకు వదిలిన ఖాళీ

ఆ ఇంట్లో సాయంత్రమైతే చనిపోయిన పిల్ల ప్రశ్నలడుగుతుంది. భయపెట్టాలని అంటున్న మాట కాదు, ఉన్న సంగతే చెప్తున్నాను. అమ్మ యూనిఫారాలు కుట్టే షెడ్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో బల్ల మీదున్న పాత టేప్‌రికార్డరు మీట నొక్కుతుంది. టక్కుమంటుంది. కాసేపు గరగరమంటుంది. తర్వాత కాస్త జలుబు చేసినట్టుండే ఓ ఆడపిల్ల గొంతు, "ఎర్ర రక్తకణాలు ఎక్కడ తయారవుతాయి? తొందరేం లేదు, ఆలోచించుకో" అంటుంది. ఆ పైన మౌనం. కాసేపటికి అదే గొంతు జవాబు చెప్తుంది. మళ్ళీ ఇంకో ప్రశ్న మొదలవుతుంది.

ఆ గొంతు అక్కది. పెద్ద యూనివర్సిటీలో వైద్యం చదివి తీరాలని పట్టుబట్టిన పిల్ల. అక్కడ సీటంటే మాటలా? రాతపరీక్షలోనే వేలమంది రాలిపోతారు. మిగిలిన గుప్పెడు మందినీ ఒక్కొక్కరిగా లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నోటితో అడుగుతారు. అక్క రాతపరీక్ష గట్టెక్కింది. మరి ఇంట్లో కూర్చుని ప్రశ్నలడిగే వాళ్ళేరీ? అమ్మకి చదువు రాదు. నాన్నకి ఫ్యాన్లూ మిక్సీలూ రేడియోలూ బాగుచెయ్యడమే వచ్చు. అందుకని తనే ఓ ఉపాయం కనిపెట్టింది. ప్రశ్న చదవడం, జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంత ఖాళీ వదలడం, తర్వాత సరైన జవాబు చదవడం. అలా క్యాసెట్లు నింపుకుంది. మర్నాడు అదే క్యాసెట్ పెట్టుకుని ఖాళీల్లో గట్టిగా జవాబులు చెప్పి సరిచూసుకునేది. ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా మెదడువాపు జ్వరం వచ్చింది. ఇంటర్వ్యూ రోజుకి ఆ పిల్ల లేదు.

అప్పటికి చెల్లెలు నెలల పిల్ల. ఇంక పిల్లలు లేరులే అనుకున్నాక, ఎవరూ అడగకుండా వచ్చి పడిన పిల్ల. క్యాసెట్లలో అక్కడక్కడా వినిపించే పసి ఏడుపు దానిదే. ఓ చోట అక్క ప్రశ్న మధ్యలో ఆపేసి, "అదిగో, పిడుగు మొదలెట్టింది!" అని విసుక్కుంటుంది, వెంటనే నవ్వుతుంది. ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు పిడుగుకి సరిగ్గా అక్క వయసొచ్చింది. అదే యూనివర్సిటీకి రాతపరీక్ష రాసింది, నెగ్గింది. వచ్చే వారమే నోటిపరీక్ష.

ఇంకేం, బాగానే ఉంది కదా అంటారేమో. ఏం బాగు! పాఠంలో ప్రశ్న అడిగితే పిడుగుకి గొంతు పెగలడం లేదు.

ఆ సంగతి బయటపడింది తుంపర మాస్టారి దగ్గర. టైర్ల కొట్టు మీది గదిలో ఇంటర్వ్యూలకి తర్ఫీదిస్తాడాయన. ఉత్సాహమొస్తే మాటతో పాటు తుంపర కూడా వస్తుంది కాబట్టి మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీయే. ఆయన మాత్రం అది తనంటే ఉన్న భయభక్తులనుకుంటాడు. ఆ రోజు పిడుగుని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని, యూనివర్సిటీ ప్రొఫెసర్ మొహం పెట్టి, "చెప్పమ్మా, మూత్రపిండం చేసే పనేమిటి?" అన్నాడు.

పిడుగు పెదాలు కదిలాయి. చకచకా కదిలాయి. మొత్తం జవాబంతా చెప్పింది, చివర్లో తల కూడా ఊపింది. మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

"ఏవిటిది, మూగనోమా?" అన్నాడు మాస్టారు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. ఇంకో ప్రశ్న అడిగాడు. మళ్ళీ అదే వరస. పెదాలాడించి, టక్కున ఆగి, ఎవరో ఏదో చెప్తారన్నట్టు చెవి ఒగ్గి కూర్చుంది.

మాస్టారు నవ్వడం మానేశాడు. మిగతావాళ్ళని కిందికి టీకి తోలేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఎవరికోసం ఆగుతున్నావమ్మా?"

"ఎవరికోసమూ కాదు సార్."

"కాదూ? జవాబు అయిపోయాక అలా తల వంచి వింటున్నావు. ఇక్కడ ఎవరున్నారు వినడానికి?"

పిడుగు టక్కున తల నిలబెట్టింది. తను అలా చేస్తున్నట్టు తనకే తెలియదు. తెలిశాక చెప్పక తప్పలేదు. క్యాసెట్ల సంగతి చెప్పింది. అమ్మ సంగతి చెప్పింది.

అమ్మ సంగతేమిటంటే, అమ్మ ప్రశ్నలు వినదు, జవాబులూ వినదు. మధ్యలో ఖాళీలు వింటుంది. ఆ ఖాళీల్లో ఇల్లంతా ఉంది మరి. కుక్కరు కూత ఉంది. నాన్న ఎవరితోనో పకపకా నవ్వడం ఉంది, ఆ నవ్వు మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అక్క కుర్చీ కిర్రుమనడం, పెన్ను మూత కొరుక్కోవడం, ముక్కు ఎగపీల్చుకోవడం ఉన్నాయి. అమ్మ ఒడిలో చొక్కాలు వేసుకుని కాజాలు కుడుతూ, ఖాళీ రాగానే సూది ఆపుతుంది. ఊపిరి కూడా ఆపుతుందేమో. చిన్నప్పుడు పిడుగు ఆ ఖాళీల్లో ముద్దుముద్దుగా జవాబులు అరిచేది. అమ్మ వేలు పెదవి మీద పెట్టి, "నోరు మెదపకే తల్లీ, నాకు వినబడదు" అనేది. కొంచెం పెద్దయ్యాక 'తల్లీ' అన్న మాట పోయి వట్టి "నోరు మెదపకు" మిగిలింది. దాంతో పిడుగు శబ్దం లేకుండా జవాబు చెప్పడం నేర్చుకుంది. ఏళ్ళ తరబడి, రోజూ సాయంత్రం, అదే సాధన. చదువు బ్రహ్మాండంగా వచ్చింది. గొంతు ఎక్కడో దిగబడిపోయింది.

అమ్మకొకటీ పిడుగుకొకటీ ఉండేలా కాపీ తీసుకోవచ్చు కదా అంటారు. నాన్న తీశాడు. అమ్మ విని, "ఇందులో అక్కే ఉంది, ఇల్లు లేదు" అని తిప్పికొట్టింది. పిడుగుకి ఆ కాపీ ఇవ్వబోతే, "ఆ గొంతు రెండు చోట్ల పలకడం నాకిష్టం లేదు" అంది. నాన్న ఇంక నోరెత్తలేదు. అమ్మ విషయంలో నాన్న ఎప్పుడూ నోరెత్తడు, ఆ మాటకొస్తే ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అంతా విని తుంపర మాస్టారు కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "అమ్మాయ్," అన్నాడు, "అక్కడ కూర్చునేవాళ్ళు నీ పెదాలు చదవరు. గొంతు వినిపించకపోతే సున్నా వేసి, తర్వాతి పిల్లని పిలుస్తారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఏదో ఒక ప్రశ్నకి నీ గొంతుతో జవాబు పలికి, దాన్ని నువ్వు విను. అప్పుడే అది నీకు అలవాటవుతుంది. లేకపోతే సీటు సంగతి మర్చిపో."

సీటు మర్చిపోవడం ఎలా? పిడుగుకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మాటే. అక్క చేరాల్సిన చోటికి చెల్లెలు చేరుతుంది. అలా చేరినరోజు అమ్మ టేపు కట్టేసి తనవైపు తిరుగుతుందని ఆ పిల్ల ఆశ. ఎవరితోనూ అనలేదు గానీ, మనసులో ఉన్నది అదే.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పిడుగు బల్ల ముందు కూర్చుంది. ఊరికే గట్టిగా జవాబు చెప్పి చూసింది, పెదాలు కదిలాయి, అంతే. మీట నొక్కి, అక్క అడుగుతుంటే చెప్పి చూసింది. అక్క గొంతు వినగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడొచ్చింది ఆ ఆలోచన. ఖాళీలోనే రికార్డు చేస్తే? అక్క అడుగుతుంది, తను చెప్తుంది, తర్వాత అక్క సరైన జవాబు చెప్తుంది. అక్కతో మాట్లాడినట్టుంటుంది. ఒక్కసారి, అక్కతో. అయినా అది ఖాళీయే కదా, అందులో పోయేదేముంది?

పాపం, నిజంగానే అలా అనుకుంది. ఎందుకనుకోదు? అమ్మ ఖాళీలు వింటుందని తెలుసు గానీ, వాటిలో ఏముందో ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. ఖాళీ వచ్చినప్పుడల్లా బుర్ర నిండా జవాబే ఉండేది.

నాన్న జాగ్రత్త మామూలుది కాదు. పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ల వెనకుండే ప్లాస్టిక్ చెవులు విరిచేశాడు, మిషన్‌కున్న రికార్డింగు ఎర్రమీట పీకేశాడు. కానీ రిపేర్ల మనిషి కూతురికి ఇవి అడ్డమా? విరిచిన చెవి కన్నం మీద బ్యాండేజీ ముక్క అంటించింది. ఎర్రమీట ఉండాల్సిన చోట పెన్సిలు దూర్చింది. అన్నిటికన్నా పొడుగు ఖాళీ ఎంచుకుంది, అందులోనైతే తీరిగ్గా చెప్పొచ్చని.

"శరీరం నుంచి గుండెకి వచ్చిన రక్తం మళ్ళీ శరీరంలోకి వెళ్ళేదాకా ఏ దారిన పోతుందో వరసగా చెప్పు," అంది అక్క. "ఇది పెద్దది. తొందరేం లేదు, ఆలోచించుకో."

పిడుగు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. నొక్కలేకపోయింది. చెవుల్లో తన గుండె చప్పుడే దడదడా వినిపిస్తోంది. టేపు తిరుగుతూనే ఉంది, ఖాళీ కరిగిపోతోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించి, కళ్ళు మూసుకుని నొక్కేసింది.

"కుడి కర్ణిక," అంది. ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తనకే తెలియలేదు, బొంగురుగా, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. "కుడి కర్ణిక నుంచి కుడి జఠరిక. అక్కణ్ణించి పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకి. అక్కడ శుభ్రపడి, పుపుస సిరల గుండా ఎడమ కర్ణికకి. ఎడమ జఠరిక. మహాధమని. మళ్ళీ శరీరం." సరిగ్గా అక్క జవాబు మొదలయ్యే ముందు ఆపింది. ఖాళీ కొలత ఆ పిల్ల ఒంట్లోనే ఉంది మరి.

నాన్న అన్నానికొచ్చేసరికి పిడుగు గదిలో గిరగిరా తిరుగుతోంది. "నాన్నా, వచ్చేసింది! గొంతు వచ్చేసింది! రికార్డు కూడా చేశా!"

"దేని మీద?"

పిడుగు బల్లవైపు చూపించింది. నాన్న మిషన్ తెరిచి, క్యాసెట్ చేతిలోకి తీసుకుని, బ్యాండేజీ ముక్క చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏ ప్రశ్న దగ్గర?"

"గుండె ప్రశ్న. ఏవైంది నాన్నా? అది ఖాళీయేగా. అక్క మాట ఒక్కటీ పోలేదు, ఒట్టు."

నాన్న నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. "ఆ ఖాళీ పెద్దదని అక్క అందులో కుర్చీలోంచి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి మీ అమ్మని పిలిచింది. 'అమ్మా, నీళ్ళు' అంది. చాలా దూరంగా వినిపిస్తుంది, తెలిసినవాళ్ళకే వినిపిస్తుంది. మీ అమ్మ చేతిలో పనుంది. 'లేచే ఉన్నావుగా, నువ్వే తెచ్చుకో' అంది. అంతే. ఏ తల్లైనా అనే మాటే. ఆ సాయంత్రానికి దానికి ఒళ్ళు కాలిపోయింది. ఆ దాహం జ్వరం దాహమని మాకేం తెలుసు?"

పిడుగు బల్లవైపు చూసింది. కళ్ళ ముందు స్టీలు గ్లాసు కనిపించింది. రోజూ సాయంత్రం, గుండె ప్రశ్న వచ్చే వేళకి, అమ్మ సూది పక్కన పెట్టి లేస్తుంది. నిండా నీళ్ళు పోసి గ్లాసు తెచ్చి బల్ల మీద, మిషన్ పక్కన పెడుతుంది. పిడుగు తాగుతుంది. తాగేదాకా అమ్మ అక్కడే నిలబడి, ఖాళీ గ్లాసులోకి ఓసారి చూసి తీసుకెళ్తుంది. అమ్మ ఎన్ని కసిరినా, ఎంత పట్టించుకోకపోయినా, ఆ గ్లాసొక్కటీ ఉంది కదా అనుకుని ఆ పిల్ల ఎన్నో రోజులు గడిపింది.

"ఆ నీళ్ళు నాక్కాదా నాన్నా?"

నాన్న క్యాసెట్ తిరిగి మిషన్‌లో పెట్టి మూత వేశాడు. అంతకన్నా పెద్ద జవాబేం కావాలి? అంటే పిడుగు ఇన్నేళ్ళూ ఇంకొకరి దాహానికి తెచ్చిన నీళ్ళు తాగింది.

"మిషన్ పాడైందని చెప్తాలే," అన్నాడు నాన్న. "బెల్టు తీసేస్తాను. నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా..."

"వద్దు," అంది పిడుగు. గొంతుతోనే అంది.

సాయంత్రం అమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. ఒళ్ళో చొక్కాలు సర్దుకుని మీట నొక్కింది. నాన్న దండెం మీది బట్టలు అనవసరంగా మడతపెడుతున్నాడు. పిడుగు పక్కగదిలో గోడకి ఆనుకుని కూర్చుంది, ఎదురుగా ఉండే ధైర్యం చాల్లేదు. ఒక్కో ప్రశ్నా వచ్చి వెళ్తోంది. కుక్కరు కూసింది. ఆనాటి నాన్న పకపకా నవ్వాడు, ఈనాటి నాన్న ఉలిక్కిపడ్డాడు.

గుండె ప్రశ్న వచ్చింది. "ఇది పెద్దది. తొందరేం లేదు, ఆలోచించుకో."

మొదటిసారిగా పిడుగు జవాబు అనుకోలేదు. ఊరికే విన్నది. గరగర. కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు దూరంగా పోయింది. తర్వాత, నూతి అడుగు నుంచి వచ్చినట్టు, "అమ్మా, నీళ్ళు."

ఉంది! పోలేదు! పెన్సిలు నొక్కలేక కూర్చున్న ఆ కాసేపట్లోనే ఆ పిలుపు దాటిపోయింది. పిడుగు రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మ అప్పటికే సూది పక్కన పెట్టి సగం లేచింది, ఎప్పటిలాగే. అప్పుడు టక్కుమని శబ్దం. వెంటనే బొంగురు గొంతు, గది దద్దరిల్లేలా, "కుడి కర్ణిక!" అంది.

అమ్మ లేచింది లేచినట్టే ఆగిపోయింది.

జవాబు పూర్తయింది. అక్క జవాబు మొదలైంది. అమ్మ చెయ్యి చాచి ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ పెట్టింది. అమ్మా, నీళ్ళు. టక్. కుడి కర్ణిక. మళ్ళీ వెనక్కి తిప్పింది. నాన్న ఏదో అనబోతే చెయ్యెత్తి వారించింది. ఎన్నిసార్లు తిప్పిందో. ఆ చీకటి పడుతున్న ఇంట్లో పోయిన పిల్ల నీళ్ళడుగుతూనే ఉంది, ఉన్న పిల్ల గుండె దారి చెప్తూనే ఉంది.

"నా మాట లేదు," అంది అమ్మ చివరికి. ఎవరితో అన్నదో తెలియదు. "నువ్వే తెచ్చుకో అన్నాగా. అదేదీ? పోయిందా?"

"పోయింది," అన్నాడు నాన్న.

"అదొక్కటే పోయిందా?"

"అదొక్కటే."

అమ్మ మీట మీంచి చెయ్యి తీసేసింది. లేవలేదు. నీళ్ళకీ వెళ్ళలేదు. ఒళ్ళోంచి చొక్కాలు జారి కిందపడ్డాయి, తీసుకోలేదు. టేపు చివరిదాకా తిరిగి దానంతటదే ఆగింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం పిడుగు ఎప్పుడూ ఎరగదు. ప్రశ్న లేదు, జవాబు లేదు, మధ్య ఖాళీ మాత్రం ఉంది. అది సాగుతూ పోతే అమ్మ అందులోంచి ఇంక బయటికి రాదేమోనని పిడుగుకి ప్రాణం ఎగిరిపోయింది. అడిగితే ఏమవుతుందో తెలియదు. అమ్మ వచ్చి చెంప పగలగొట్టినా సరే అనుకుంది.

"అమ్మా," అంది గోడ ఇవతల నుంచి. "నీళ్ళు."

దండెం దగ్గర నాన్న చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.  అవతల కుర్చీ జరిగింది. గిన్నెల మధ్య గ్లాసు తీసిన చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు.

"వస్తున్నా," అంది అమ్మ. "వస్తున్నా తల్లీ."

గుమ్మంలో నిలబడింది, చేతిలో స్టీలు గ్లాసుతో. గ్లాసు నిండుగా ఉంది, నీళ్ళు మణికట్టు మీదికి ఒలుకుతున్నాయి. వెలుతురు వెనక ఉంది, మొహం కనబడలేదు. ఆ చూపు తన మీద ఉందో, తన వెనకెవరైనా ఉంటే వాళ్ళ మీద ఉందో పిడుగు పోల్చుకోలేకపోయింది. గ్లాసు అందుకుంది. ఎవరికిచ్చావని అడగలేదు. గటగటా తాగేసింది.

అమ్మ ఖాళీ గ్లాసులోకి ఓసారి చూసింది. చూసి, తిరిగి వెళ్ళిపోకుండా అక్కడే నేల మీద చతికిలబడింది. అక్షరమ్ముక్క రాని ఆ మనిషి, ఒక్క మాట పొల్లుపోకుండా, అక్క విరిచినచోటే విరిచి, అక్క సాగదీసినచోటే సాగదీసి, "ఎర్ర రక్తకణాలు ఎక్కడ తయారవుతాయి?" అంది. "తొందరేం లేదు, ఆలోచించుకో."

పిడుగు పెదాలు కదిలాయి. అమ్మ చెవి ముందుకి వంచింది.

"వినబడలేదు," అంది. "పైకి చెప్పవే పిడుగూ."